యంత్రం రావచ్చు, కానీ మనతో మాట్లాడి రావాలి!

సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల శ్రామికులకు, ఉద్యోగార్థులకు, వ్యాపారులకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి



ఫ్యాక్టరీ మూతపడితే ఊరంతా తెలుస్తుంది. గేటుకు తాళం పడుతుంది, కార్మికులు రోడ్డు మీద బైఠాయిస్తారు, మర్నాడు పేపర్లో వస్తుంది. నారాయణగూడలో ఒక డీటీపీ సెంటర్లో నలుగురు పనిచేసేచోట ఇద్దరే మిగిలితే ఎవరికీ తెలియదు. సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణం లెక్కలు రాసే గుమాస్తాను "వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులు వస్తే చాలు" అంటే అది ఏ రికార్డులోకీ ఎక్కదు. ఉద్యోగం తీసేశామని ఎవరూ అనరు, పని తగ్గిందంటారు. పని అలాగే ఉంది, దాన్ని చేసే చేతులు మారాయి. కృత్రిమ మేధ, మనమంతా ఏఐ అంటున్నది, మన గల్లీల్లోకి ఇలా చడీచప్పుడు లేకుండా వచ్చింది.

దాన్ని వెళ్లగొట్టమని చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. పనిచోటికి యంత్రం వచ్చేటప్పుడు షరతులు పెట్టే హక్కు పనిచేసేవాళ్లకు ఉంది. ఇంతకు ముందు మన కోఠి బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు ఆ హక్కును సాధించుకున్నారు. ఇప్పుడు మనం వాడుకోకపోతే నష్టపోయేది మనమూ మన పిల్లలూ. ఈ మాట చెప్పడానికే మీ ముందుకు వచ్చాం. చివరిదాకా చదవండి. చదివి పక్కవారికి ఇవ్వండి.

మన వీధిలో జరుగుతున్నది

అశోక్‌నగర్‌లో అమ్మే ఒక కోచింగ్ పుస్తకం ఎలా తయారయ్యేదో గుర్తుచేసుకోండి. పాఠం చెప్పే సార్ చేత్తో రాసిన నోట్సు ఇస్తారు. నారాయణగూడలోనో చిక్కడపల్లిలోనో ఒక అమ్మాయి పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్లలో కంపోజ్ చేస్తుంది. ప్రింటు తీసిన మొదటి ప్రూఫు మీద ప్రూఫ్‌రీడర్ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. ఎగిరిపోయిన ఒత్తు, తారుమారైన సంవత్సరం, రెండుసార్లు పడ్డ వాక్యం అక్కడ దొరుకుతాయి. దిద్దుబాట్లు చేశాక రెండో ప్రూఫు. తర్వాత ప్లేటు, ప్రింటింగు, మడత, కుట్టు, కటింగు. పుస్తకం ట్రాలీ ఆటో ఎక్కి స్టాల్‌కు చేరేసరికి ఏడెనిమిది ఇళ్లకు తిండి పెట్టేది.

ఇప్పుడు పాఠం ఫోన్లోనే తయారై వాట్సాప్‌లో వస్తోంది. "టైపు చేయాల్సిందేం లేదు, పేజీలు సెట్ చేసిస్తే చాలు" అంటున్నారు. పేజీకి ఇంత అని కట్టే రేటు ఆ మాటతోనే తగ్గిపోతోంది. యూనికోడ్‌లో వచ్చిన పాఠాన్ని అను ఫాంట్‌లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి. ఏఐ రాసిన పాఠంలో రాజ్యాంగంలోని ఆర్టికల్ నంబరు ఒకటుంటుంది, కింద వివరణ ఇంకొకదానిది ఉంటుంది. అవన్నీ దిద్దుతున్నది ఆ అమ్మాయే. దిద్దినందుకు మాత్రం రేటు లేదు. రాసిచ్చిన యంత్రానికి నెలనెలా చందా పోతుంది, తప్పు పట్టుకున్న మనిషికి పైసా రాదు. ప్రూఫ్‌రీడర్ కుర్చీ అయితే చాలాచోట్ల ఖాళీ అయింది. చివరికి ఆ తప్పులతో అచ్చయిన పుస్తకాన్ని కొని చదివేది గద్వాల నుంచో ఆసిఫాబాద్ నుంచో వచ్చి ఇరుకు గదిలో ముగ్గురితో కలిసి ఉంటున్న పిల్లవాడు. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోయేది అతనికి.

సుల్తాన్ బజార్ దుకాణాల్లో చూడండి. చీర ఫొటో ఒక్కటి పంపితే చాలు, దాన్ని లేని మనిషి కట్టుకున్నట్టు బొమ్మ తయారై వస్తోంది. ఫొటోగ్రాఫరు, మేకప్ చేసే ఆమె, చీర కట్టుకుని నిలబడే అమ్మాయి, ఫ్లెక్సీ డిజైన్ చేసే కుర్రవాడు, నలుగురి పనీ ఒక్క ఫోన్లో ముగిసిపోతోంది. బిల్లులు ఫొటో తీస్తే లెక్కలు వాటంతటవే టాలీలోకి ఎక్కుతున్నాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ప్రతి దుకాణానికీ ఒక అకౌంటెంట్ అవసరమయ్యాడు. బీకాం చదివిన ఎందరో పిల్లలు ఆ పనితో నిలదొక్కుకున్నారు. ఇప్పుడు ఆ పనికే ముప్పు వచ్చింది.

అశోక్‌నగర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ

గ్రూప్-4 గుర్తుందా? 8,180 పోస్టులకు సుమారు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. 2023 జూలై 1న పరీక్ష జరిగింది. అందులో ఎక్కువ భాగం జూనియర్ అసిస్టెంట్ పోస్టులు. ఫైలు తెరవడం, నోట్ రాయడం, లెక్క సరిచూడడం, ఉత్తరానికి జవాబు తయారుచేయడం ఆ ఉద్యోగంలో పని. ఏఐ కంపెనీలు ఈ రోజు "మేం చేసిపెడతాం" అని ఆఫీసుల తలుపులు తడుతున్నది సరిగ్గా ఈ పని కోసమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 ఆగస్టులో ఒక అధ్యయనం విడుదల చేసింది. ఈ కొత్త ఏఐ ప్రభావం అన్నిటికంటే ఎక్కువగా పడేది గుమాస్తా పనుల మీదనని, ఆ పనుల్లో 24 శాతానికి ముప్పు తీవ్రంగా ఉందని, మరో 58 శాతానికి ఒక మోస్తరుగా ఉందని తేల్చింది. ఆడవాళ్లు ఇలాంటి ఉద్యోగాల్లో ఎక్కువగా ఉన్నారు కాబట్టి దెబ్బ వాళ్లకే ఎక్కువ తగులుతుందని కూడా చెప్పింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయం గేటు ముందు సాయంత్రం నిలబడితే ఎంతమంది ఆడపిల్లలు బస్సు కోసం చూస్తూ కనిపిస్తారో మనకు తెలుసు. డిగ్రీ పూర్తయ్యాక వాళ్లలో చాలామందికి మొదట దొరికే ఉద్యోగాలు రిసెప్షన్, డేటా ఎంట్రీ, అకౌంట్స్, కాల్ సెంటర్. మొదటి మెట్టే లేకుండా పోతే రెండో మెట్టు ఎలా ఎక్కుతారు?

"సర్కారు కొలువు రాకపోతే సాఫ్ట్‌వేర్ ఉంది కదా" అని ఇంట్లో ధైర్యం చెప్పే రోజులు కూడా మారాయి. దేశంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ 2025 జూలైలో తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే పన్నెండు వేల మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు సరిపడకపోవడమని కంపెనీ చెప్పింది. కారణం ఏదైనా కావచ్చు. పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసిన మనిషికి కొత్త నైపుణ్యం నేర్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

"కంప్యూటర్ వచ్చినప్పుడూ ఇదే భయం కదా?"

ఈ మాట చాలామంది అంటారు. కంప్యూటర్ వచ్చింది, ఉద్యోగాలు పోతాయన్నారు, చివరికి హైటెక్ సిటీ వెలిసింది, లక్షల మంది బాగుపడ్డారు అంటారు. ఇందులో నిజముంది. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత తెలుగువాళ్ల ఇళ్లలో జరిగిన మార్పు అందరికీ తెలిసిందే.

కానీ ఆ కథలో సగం చెప్పి సగం వదిలేస్తున్నారు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి స్టిక్కులో పేర్చిన హ్యాండ్ కంపోజిటర్లు మన ప్రెస్సుల్లో ఎంతోమంది ఉండేవారు. డీటీపీ వచ్చాక వాళ్లు మాదాపూర్ వెళ్లి ప్రోగ్రామర్లు కాలేదు. కొందరు నలభై ఏళ్ల వయసులో కీబోర్డు నేర్చుకున్నారు. ఎక్కువమంది వాచ్‌మన్లయ్యారు, బైండింగులో చేరారు, ఊళ్లకు వెళ్లిపోయారు. కొత్త ఉద్యోగం వచ్చింది ఒకరికి, పాత ఉద్యోగం పోయింది ఇంకొకరికి. మొత్తం లెక్కలో లాభం తేలినంత మాత్రాన నష్టపోయినవాడి ఇల్లు నిలబడదు.

బ్యాంకుల్లో జరిగింది వేరు. దాన్ని మనం బాగా గుర్తుంచుకోవాలి. కోఠిలో ఆంధ్రా బ్యాంక్ బస్‌స్టాప్ తెలియనివారు లేరు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఏళ్ల తరబడి సుల్తాన్ బజార్‌లోనే నడిచింది. స్టేట్ బ్యాంక్ ఆఫీసు పక్కనే బ్యాంక్ స్ట్రీట్‌లో ఉంది. బ్యాంకుల్లోకి యంత్రాలు వస్తాయన్నప్పుడు ఉద్యోగుల సంఘాలు ఊరుకోలేదు. దేశమంతటా కదిలాయి. 1983 సెప్టెంబర్ 8న బ్యాంకు యాజమాన్యాల సంస్థ అయిన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌తో ఒప్పందం కుదిరింది. ఎక్కడ, ఎలాంటి యంత్రాలు పెట్టాలో పరిమితులు వచ్చాయి. యంత్రం వచ్చిందని ఎవరినీ తీసేయకూడదన్నారు. యంత్రం మీద పనిచేసేవారికి ప్రత్యేక అలవెన్సు ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 1993 అక్టోబర్ 29న ఇంకో ఒప్పందంతో కంప్యూటర్లు విస్తృతంగా రావడానికి అవే సంఘాలు ఒప్పుకున్నాయి. మన కోఠి బ్యాంకుల్లో ఆవర్జాలు రాసిన గుమాస్తాలు కంప్యూటర్ ముందు కూర్చున్నది ఇలాంటి ఒప్పందాల అండతోనే.

ఆ అండ సడలినప్పుడు ఏమైందో కూడా చూశాం. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి సుమారు లక్షమంది బయటికి వెళ్లారు. వెళ్లినవారికి చేతిలో డబ్బు పెట్టి పంపారు, నిజమే. వాళ్ల కుర్చీల్లో చాలావాటిలోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఆ కుర్చీలు మన పిల్లలవి.

మిత్రులారా, ఆ అనుభవం ఒకటే చెబుతోంది. యంత్రం వచ్చిన ప్రతిచోటా జనం నష్టపోలేదు. మాట్లాడుకుని తెచ్చినచోట నిలబడ్డారు, మాట్లాడేవాళ్లు లేనిచోట చెదిరిపోయారు.

గోడ కూల్చడానికి నోటీసు ఉంది, ఉపాధి కూల్చడానికి లేదా?

సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వస్తుందన్నప్పుడు వ్యాపారులు ఏళ్ల తరబడి కొట్లాడారు. మా దుకాణాలు ఏమవుతాయి, నూరేళ్ల బజారు ఏమవుతుంది అని అడిగారు. సర్వేలు జరిగాయి, నోటీసులు వచ్చాయి, ఆస్తులు కోల్పోయినవారికి పరిహారం లెక్కగట్టారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గం మొదలైంది. సుల్తాన్ బజార్ స్టేషన్‌లో ఇవాళ వేలమంది ఎక్కుతున్నారు, దిగుతున్నారు. పరిహారం చాలిందా లేదా అన్నది వేరే సంగతి. అడగడాన్ని మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు.

రోడ్డు వెడల్పు కోసం నాలుగు అడుగుల గోడ కూల్చాలన్నా చట్ట ప్రకారం నోటీసు ఇస్తారు. ఇరవై ఏళ్లు ఒకే పని చేసి కళ్లు పోగొట్టుకున్న మనిషి ఉపాధి కూల్చేటప్పుడు "రేపట్నించి రావద్దు" అన్న మాటతో సరిపోతుందా? సరిపోదు. సరిపోదని చట్టం కూడా చెబుతోంది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో పని పరిస్థితుల మార్పుకు ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉంది. కార్మికుల తొలగింపుకు దారితీసే అవకాశమున్న యంత్రాల మార్పు, పని పద్ధతుల మార్పు ఆ జాబితాలో ఉన్నాయి. నోటీసు ఇచ్చిన 21 రోజుల లోపల ఆ మార్పు చేయకూడదు. ఇది కొత్తగా వచ్చిన హక్కేమీ కాదు, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే ఉండేది. కొత్త కోడ్‌లో ఇంకొకటి చేరింది. తొలగించిన ప్రతి కార్మికుడి పేరనా యజమాని 15 రోజుల వేతనాన్ని పునర్నైపుణ్య నిధికి చెల్లించాలి. ఆ డబ్బు 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి.

మనకు మింగుడుపడని సంగతి కూడా అదే కోడ్‌లో ఉంది. పాత కేంద్ర చట్టం ప్రకారం వంద మంది పనిచేసే కర్మాగారం కూడా కార్మికులను తీసేయాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి ఉండేది. ఇప్పుడా సంఖ్యను మూడు వందలకు పెంచారు. మన డీటీపీ సెంటర్లు, ప్రెస్సులు, దుకాణాలు ఆ లెక్కలోకి రానే రావు. పైగా మనలో చాలామందికి అపాయింట్‌మెంట్ కాగితం లేదు, హాజరు పట్టీ లేదు, పీఎఫ్ లేదు. పేజీల లెక్కన, రోజు లెక్కన పని చేస్తాం. మనం పనిచేస్తున్నామని రుజువు చేసే కాగితమే లేకపోతే తీసేశారని ఎవరికి చెప్పుకుంటాం? అందుకే ముందు మన పేర్లు, మన పని రికార్డుల్లోకి ఎక్కాలి.

తప్పు చేస్తే జవాబు చెప్పేదెవరు?

ఇది ఉద్యోగాలతో అయిపోయే సంగతి కాదు. మన మీద నిర్ణయాలు కూడా యంత్రం చేతికి పోతున్నాయి.

తెలంగాణలో రేషన్ కార్డుల ఏరివేత గుర్తుచేసుకోండి. వేర్వేరు శాఖల రికార్డులను కంప్యూటర్‌తో జతచేసి, ఫలానావారికి కారుంది, ఫలానావారికి ఇల్లుంది అని తేల్చి, ఇంటికి వచ్చి చూడకుండానే కార్డులు రద్దు చేశారని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అలా రద్దయినవి సుమారు 19 లక్షలని అందులో చెప్పారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇదే హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక మనిషికి కారున్నట్టు రికార్డుల్లో జత కుదిరింది. ఆ ఇల్లు రేషన్ బియ్యానికి దూరమైంది. వాకిట్లో నిలబడి ఒక్కసారి చూసిన ఏ ఉద్యోగి అయినా ఆ పొరపాటు చేయడు.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మూడు లక్షల మందికి పైగా విద్యార్థులు ఫెయిలయ్యారు. మార్కుల నమోదులో, సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడ్డాయి. 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా పడింది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ చూశారు. వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మనిషి మళ్లీ చూడడం ఫలితాలు ప్రకటించక ముందే జరిగి ఉంటే? నారాయణగూడలో, హిమాయత్‌నగర్‌లో పిల్లలను కాలేజీల్లో చేర్చిన ప్రతి తల్లీ తండ్రీ ఈ ప్రశ్న అడగాలి.

యంత్రం తప్పు చేయకూడదని మనం అనడం లేదు, మనుషులూ తప్పులు చేస్తారు. మనిషి తప్పు చేస్తే నిలదీయడానికి ఒక పేరు, ఒక సంతకం, ఒక ఆఫీసు ఉంటాయి. "సిస్టంలో అలా చూపిస్తోంది" అన్న జవాబుతో పేదవాడిని గుమ్మం దగ్గరినుంచి పంపేయడం మానాలి.

యజమానులకు, వ్యాపారులకు ఒక మాట

అయ్యా, మీ కష్టాలు మాకు తెలియనివి కావు. అద్దెలు పెరిగాయి, కాగితం ధర పెరిగింది, ఆన్‌లైన్ కంపెనీలతో పోటీ ఉంది. "పక్క దుకాణంవాడు ఏఐ వాడుతుంటే నేను వాడకుండా ఎట్లా?" అని మీరు అడుగుతున్నది నిజమైన ప్రశ్న. ఒక్కరు ఆగితే ఆ ఒక్కరే నష్టపోతారు. అందుకే ఒక్కొక్క దుకాణంతో పేచీ పెట్టుకోవడం మా ఉద్దేశం కాదు. వీధి మొత్తానికీ ఒకే ఒప్పందం, ఒకే రేటు, ఒకే నియమం ఉండాలంటున్నాం. అప్పుడు ఎవరూ ఇంకొకరి పొట్ట కొట్టి ముందుకు పోనక్కర్లేదు.

ఇంకో సంగతి ఆలోచించండి. దసరాకు, పెళ్లిళ్లకు, బతుకమ్మకు సుల్తాన్ బజార్‌లో బట్టలు కొనేది నెల జీతం అందుకునే గుమాస్తాలు, టీచర్లు, ఆపరేటర్లు, నర్సులు. వాళ్ల చేతికి జీతం రాని నాడు మీ గల్లాపెట్టెలో చప్పుడుండదు. ఏఐ చీర కట్టుకున్నట్టు చూపిస్తుంది గానీ చీర కొనదు.

మన డిమాండ్లు

యజమానులను కోరుతున్నవి:

1. ఏ పనిలోనైనా ఏఐ పెట్టే ముందు అక్కడ పనిచేసేవారికి 21 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. చిన్న సెంటర్, పెద్ద ఆఫీసు అన్న తేడా ఉండకూడదు.

2. ఏఐ వచ్చిందన్న కారణంతో పనిలో ఉన్నవారిని తీసేయకూడదు. ఆ యంత్రం మీద పనిచేయడం వాళ్లకే, పని వేళల్లోనే, జీతంతో నేర్పాలి.

3. ఏఐ తయారుచేసిన పాఠాన్ని సరిచూసే పనికి, దిద్దే పనికి పేజీకి ఇంత అని ప్రత్యేక రేటు కట్టాలి. కంపోజింగ్ రేటు తగ్గించి దిద్దుబాటు ఊరికే చేయించుకోవడం ఆపాలి.

4. ప్రతి కార్మికుడికీ గుర్తింపు కాగితం, హాజరు పట్టీ, బ్యాంకు ద్వారా జీతం ఉండాలి.

ప్రభుత్వాన్ని కోరుతున్నవి:

5. రేషన్, పింఛను, స్కాలర్‌షిప్, మార్కులు, ఏదైనా సరే, కంప్యూటర్ లెక్కతో రద్దు చేయకూడదు. ముందు మనిషి వచ్చి విచారించాలి. నిర్ణయం కింద అధికారి పేరు, సంతకం ఉండాలి. అప్పీలు చేసుకునే చోటు చూపించాలి.

6. పోటీ పరీక్షల ప్రశ్నపత్రాల తెలుగు పాఠాన్ని విషయం తెలిసిన తెలుగు అధ్యాపకులు చదివి సంతకం చేసిన తర్వాతే అచ్చుకు పంపాలి. తర్జుమా తప్పుకు తెలుగు మాధ్యమం పిల్లలు మార్కులు పోగొట్టుకోకూడదు.

7. ప్రభుత్వ కార్యాలయాల్లో ఏఐ పెడితే ఏ శాఖలో, ఏ పనికి, ఎన్ని పోస్టుల మీద దాని ప్రభావం పడుతుందో ముందుగా బహిరంగంగా చెప్పాలి. ఖాళీల సంఖ్య చాటుగా తగ్గించకూడదు.

8. ఇంటి పన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోను, నగరంలోని శాఖా గ్రంథాలయాల్లోను కంప్యూటర్లు పెట్టి, ఏఐ వాడకం తెలుగులో ఉచితంగా నేర్పాలి. నెలనెలా చందా కట్టగలిగినవాడికే ఈ విద్య దక్కడం అన్యాయం.

ఈ ఎనిమిదో డిమాండ్ మనకు కొత్త కాదు. నిజాం కాలంలో తెలుగు చదువుకు దిక్కులేని రోజుల్లో, 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు వంటి పెద్దలు ఇదే హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. ఈనాటికీ అది సుల్తాన్ బజార్‌లో ఉంది. కొత్త విద్య కొందరి సొత్తయిపోతున్నప్పుడు దాన్ని అందరి దగ్గరికీ తేవడం ఈ వీధి చేసిన పని. మళ్లీ చేద్దాం.

ఇది సాధ్యమేనా?

సాధ్యమే. అమెరికాలో సినిమా, టీవీ రచయితలు 2023 మే 2న సమ్మెకు దిగారు. 148 రోజులు నిలబడ్డారు. ఏఐకి రచయితగా పేరు వేయకూడదని, ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టకూడదని, ఏఐ తయారుచేసినది చేతికిస్తే ఆ సంగతి ముందే చెప్పాలని ఒప్పందంలో రాయించుకున్నారు. వాళ్లు ఏఐని నిషేధించమనలేదు. ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకున్నారు.

ఏఐతో మేలు లేదని కూడా మేం అనడం లేదు. చూపులేని విద్యార్థికి పుస్తకం చదివి వినిపిస్తోంది. కోచింగ్ ఫీజు కట్టలేని అమ్మాయి రాత్రి పదింటికి సందేహం అడిగితే విసుక్కోకుండా చెబుతోంది. ఈ మేలు మనందరిదీ కావాలి. దాని లాభం కొద్దిమందికీ నష్టం మనకూ పంచే ఏర్పాటును మాత్రం ఒప్పుకోం.

మనం చేయాల్సింది

ఒకటి, ఈ వారంలోనే మీరు పనిచేసే చోట ఎంతమంది ఉండేవారో, ఇప్పుడు ఎంతమంది ఉన్నారో, రేటు ఎంత ఉండేదో, ఎంతయిందో ఒక కాగితం మీద రాయండి. తేదీలు వేయండి. మీ జీతం చీటీలు, వాట్సాప్‌లో వచ్చిన పని ఆర్డర్లు దాచిపెట్టండి. రేపు లేబర్ ఆఫీసులో ఆధారంగా పనికొచ్చేవి అవే.

రెండు, ఈ ఆదివారం ఉదయం పది గంటలకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు దగ్గరికి రండి. డీటీపీ, ప్రింటింగు, బైండింగు, అకౌంట్స్, ఫొటో స్టూడియో, సేల్స్, కోచింగ్ ఉద్యోగులు, చదువుకుంటున్న అభ్యర్థులు అందరూ రండి. యజమానులూ రండి. వీధి ఒప్పందం ముసాయిదా అందరం కలిసి చదువుదాం.

మూడు, మర్నాడు సోమవారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లి కార్మిక శాఖకు వినతిపత్రం ఇద్దాం. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై, కార్మిక నాయకుడై, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన మనిషి పేరు ఆ భవనానికి పెట్టారు. కార్మికుడి మాట అక్కడ వినకపోతే ఇంకెక్కడ వింటారు?

నాలుగు, వినియోగదారులుగా మన వంతు చేద్దాం. శుభలేఖ వేయించినా, పుస్తకం అచ్చు వేయించినా "ప్రూఫు ఎవరు చూశారు?" అని అడగండి. మనిషి చూసిన పనికి నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

భయపడి ఇంట్లో కూర్చుంటే యంత్రం ఆగదు. కోపంతో కంప్యూటర్ పగలగొట్టినా ఆగదు. నలుగురం ఒకచోట కూర్చుని ఒప్పందం రాసుకుంటే అది మన షరతుల మీద నడుస్తుంది. కోఠి గుమాస్తాలు 1983లో సాధించుకున్నది 2025 తర్వాత మనవల్ల ఎందుకు కాదు?

చెప్పకుండా తెచ్చే యంత్రం చెల్లదు!
దిద్దిన చేతికి రేటు కట్టాలి!
మనిషి సంతకం లేని నిర్ణయం మాకొద్దు!
ఏఐ విద్య అందరి హక్కు!

ఆదివారం ఉదయం పది గంటలు, చిక్కడపల్లి లైబ్రరీ గేటు. మీరు రండి, మీతో ఇంకొకరిని తీసుకురండి.

ఇట్లు,
సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల డీటీపీ, ముద్రణ, అకౌంట్స్, దుకాణ శ్రామికులు, ఉద్యోగార్థులు